షాపు కంప్యూటర్ నుంచి ఫైల్ ఎవరు తీసుకెళ్లారు? డౌన్‌లోడ్ ఆడిట్‌పై చిన్న వ్యాపారులు తెలుసుకోవాల్సిన విషయాలు

కోరుట్లలో ఒక ట్రావెల్స్ దుకాణం ఉందనుకుందాం. గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల పాస్‌పోర్టులు, వీసా కాపీలు, మెడికల్ స్లిప్పులు, ఫోన్ నంబర్లు అన్నీ ఒకే కంప్యూటర్‌లో ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ కంప్యూటర్ మీద ముగ్గురు పని చేస్తారు. ముగ్గురికీ ఒకటే పాస్‌వర్డ్. ఒకరోజు ఓ కస్టమర్ వచ్చి, "అన్నా, నా పాస్‌పోర్టు జిరాక్స్ మీకు తప్ప ఇంకెవలికీ ఇయ్యలే. మరి నాకు తెల్వని ఏజెంటు నా పేరు, నా పాస్‌పోర్టు నంబర్ చెప్పి ఫోన్ ఎట్ల చేస్తున్నడు?" అని అడిగాడు. ఓనర్ ఏం జవాబు చెప్పాలి?

"మా దగ్గర నుంచి పోలేదు" అని గట్టిగా చెప్పాలంటే ఆధారం కావాలి. "మా దగ్గరి నుంచే పోయింది, ఫలానా రోజు ఫలానా లాగిన్ నుంచి పోయింది" అని ఒప్పుకోవాలన్నా ఆధారం కావాలి. రెండింటికీ కావాల్సింది ఒకటే. ఏ ఫైల్‌ను, ఎవరు, ఎప్పుడు, ఏ కంప్యూటర్ నుంచి తీశారన్న రికార్డు. దీన్నే డౌన్‌లోడ్ ఆడిట్ అంటారు. ఇది పెద్ద కంపెనీల పని అని చాలామంది అనుకుంటారు. కానీ జగిత్యాలలోని డయాగ్నస్టిక్ ల్యాబ్ నుంచి సిరిసిల్లలోని బట్టల యూనిట్ దాకా ప్రతి చోటా దీని అవసరం ఉంది. చాలా వరకు పైసా ఖర్చు లేకుండానే చేసుకోవచ్చు. ఒక్కటే షరతు. ఫైల్ పోయాక మొదలుపెడితే లాభం లేదు, పోకముందే రికార్డు ఆన్ అయి ఉండాలి.

తాళం వేరు, హిసాబు వేరు

పాస్‌వర్డ్ తాళం లాంటిది. ఎవరు లోపలికి రావచ్చో చెబుతుంది. లోపలికి వచ్చినవాళ్లు ఏం చేశారో చెప్పదు. గోదాము తాళంచెవి నమ్మకమైన మనిషి దగ్గరే ఉన్నా స్టాక్ రిజిస్టర్ రాస్తాం కదా. ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎవరు సంతకం పెట్టారు అని చూస్తాం. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తాళంతోనే ఆగిపోతాం.

ఇంకో తేడా కూడా ఉంది. గోదాములో బస్తా పోతే ఖాళీ కనబడుతుంది. ఫైల్ కాపీ అయితే అసలు ఫైల్ ఎక్కడిదక్కడే ఉంటుంది. పోయిందన్న సంగతే తెలియదు. అందుకే రికార్డు లేకపోతే ఫైళ్ల దొంగతనం నెలల తరబడి బయటపడదు.

కంప్యూటర్ తనంతట తాను రాసుకునే ఈ రిజిస్టర్‌ను లాగ్ అంటారు. మంచి లాగ్ ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎవరు? ఏ ఫైల్? ఏ తేదీ, ఏ టైం? ఏ కంప్యూటర్ లేదా ఏ ఇంటర్నెట్ అడ్రస్ నుంచి? చదివారా, మార్చారా, బయటికి తీశారా?

టీఎస్‌పీఎస్సీ పేపర్ లీకేజీ చెప్పిన పాఠం

మన రాష్ట్రంలో ఈ విషయం ఎంత నష్టం చేయగలదో 2023లో అందరం చూశాం. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆ ఏడాది మార్చి 5న అసిస్టెంట్ ఇంజినీర్ పరీక్ష పెట్టింది. వారం తిరగకముందే కమిషన్ కంప్యూటర్లలోకి ఎవరో చొరబడ్డారన్న అనుమానం వచ్చింది. మొదట బయటి హ్యాకింగ్ అన్నారు. జరగాల్సిన రెండు పరీక్షలను వాయిదా వేశారు. పోలీసులు దర్యాప్తు చేసి అరెస్టులు చేశాక తెలిసింది వేరు. ఆఫీసు లోపల పనిచేసేవాళ్లే, తమకు అనుమతి లేని కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్‌లోకి వెళ్లి, ప్రశ్నపత్రాల ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నారన్నది పోలీసుల అభియోగం. నిందితుల్లో కంప్యూటర్ నెట్‌వర్క్‌ను చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగి కూడా ఉన్నాడు.

మార్చి 15న ఏఈ పరీక్ష రద్దయింది. మార్చి 17న గ్రూప్-1 ప్రిలిమ్స్, ఏఈఈ, డీఏఓ పరీక్షలు కూడా రద్దయ్యాయి. ఆ గ్రూప్-1 ప్రిలిమ్స్ జరిగింది 2022 అక్టోబర్ 16న. 503 పోస్టులకు రెండున్నర లక్షలకు పైగా అభ్యర్థులు రాసిన పరీక్ష అది. వాళ్లంతా 2023 జూన్ 11న మళ్లీ హాల్‌టికెట్ పట్టుకుని వెళ్లాల్సి వచ్చింది. జగిత్యాల, కరీంనగర్ కోచింగ్ రూముల్లో అద్దెలు కట్టి చదువుకున్న పిల్లల కష్టం ఎంతో ఈ ప్రాంతం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

వ్యాపారులు ఇందులో గమనించాల్సింది రెండు సంగతులు. ఒకటి, ప్రమాదం గోడ దూకి రాలేదు, లోపలి మనుషుల నుంచే వచ్చిందన్నది అభియోగం. రెండు, అక్టోబర్‌లో జరిగిన పరీక్ష మార్చిలో రద్దయింది. మధ్యలో ఐదు నెలలు. రహస్య ఫైల్ ఉన్న కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ తగలగానే, లేదా అనుమతి లేని లాగిన్ నుంచి ఫైల్ తెరవగానే ఎవరికైనా కబురు వెళ్లే ఏర్పాటు ఉండి, ఆ కబురును చూసే మనిషి ఉండి ఉంటే విషయం అన్ని నెలలు దాగేది కాదు.

అదే ఏడాది ఏప్రిల్ మొదట్లో సైబరాబాద్ పోలీసులు హర్యానాలోని ఫరీదాబాద్‌కు చెందిన ఒకరిని అరెస్టు చేశారు. అతని దగ్గర 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలు దొరికాయని ప్రకటించారు. 24 రాష్ట్రాలు, 8 మెట్రో నగరాలకు చెందిన ఆ సమాచారాన్ని 104 రకాలుగా విడదీసి అమ్మకానికి పెట్టారని పోలీసులు చెప్పారు. మన పేరు, ఫోన్ నంబర్ ఉన్న లిస్టుకు మార్కెట్‌లో ధర ఉందని దీన్ని బట్టి తెలుస్తుంది.

మూడు ఊర్లు, మూడు రకాల ఫైళ్లు

ఆడిట్ పెట్టేముందు ఒక కాగితం తీసుకుని, మన దగ్గర ఏ ఫైల్ పోతే ఎక్కువ నష్టమో రాసుకోవాలి. అన్ని ఫైళ్ల మీదా నిఘా పెడితే లాగ్ కొండలా పెరిగిపోతుంది, ఎవరూ చదవరు. ఐదారు ఫోల్డర్లు చాలు.

జగిత్యాలలో ఆస్పత్రులు, ల్యాబులు, రైస్ మిల్లులు, ఫైనాన్స్ ఆఫీసులు ఎక్కువ. ల్యాబ్‌లో పేషెంట్ల రిపోర్టులు, మిల్లులో రైతుల పేర్లు, బ్యాంకు ఖాతాలు, ఫైనాన్స్ ఆఫీసులో అప్పు తీసుకున్నవాళ్ల కాగితాలు అన్నింటికంటే ముఖ్యం. ఒక అమ్మాయి టెస్ట్ రిపోర్టు బయటికి పోతే దానికి వెల కట్టలేం.

కోరుట్లలో, చుట్టుపక్కల ఊర్లలో గల్ఫ్ బాట పట్టని ఇల్లు అరుదు. ట్రావెల్స్ షాపుల్లో పాస్‌పోర్ట్ స్కాన్లు, ఆధార్ కాపీలు, ఫొటోలు ఉంటాయి. ఇవి మోసగాళ్ల చేతికి చిక్కితే దొంగ సిమ్ తీయడానికి, లేని ఉద్యోగం చూపించి డబ్బు గుంజడానికి వాడుకుంటారు. బీడీ కార్మికుల పీఎఫ్ వివరాలున్న ఆఫీసులకూ ఇదే భయం.

సిరిసిల్లలో మరమగ్గాలు. బతుకమ్మ చీరల ఆర్డర్లు 2017లో మొదలైన దగ్గరి నుంచి ఆసాముల లెక్కలు, కార్మికుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు, మీటర్ల లెక్కలు కంప్యూటర్లలోకి ఎక్కువగా వచ్చాయి. వీటితో పాటు డిజైన్ ఫైళ్లు, కొన్న నూలు ధర, పార్టీల లిస్టు ఉంటాయి. రేటు కొటేషన్ ఫైల్ పోటీదారుడికి చేరితే వచ్చే ఆర్డర్ పోతుంది.

మొదటి మెట్టు: ఒక మనిషికి ఒక లాగిన్

ముగ్గురు ఒకే లాగిన్ వాడితే లాగ్‌లో ముగ్గురికీ ఒకటే పేరు పడుతుంది. అప్పుడు ఎంత మంచి ఆడిట్ పెట్టినా "అడ్మిన్ తీశాడు" అనే కనబడుతుంది. ఆ అడ్మిన్ ఎవరో తెలియదు. కాబట్టి ముందు చేయాల్సిన పని ఇదే. విండోస్‌లో ప్రతి మనిషికీ వేరే యూజర్ అకౌంట్ పెట్టాలి. రోజువారీ పనికి అందరికీ స్టాండర్డ్ అకౌంటే ఇవ్వాలి. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ ఓనర్ దగ్గర ఉండాలి, అది కూడా రోజూ వాడకూడదు.

సీటు లేచి పోయేటప్పుడు విండోస్ కీ, ఎల్ కీ కలిపి నొక్కితే స్క్రీన్ లాక్ అవుతుంది. ఛాయ్ తాగడానికి పోయినా ఇది అలవాటు చేయించాలి. లేకపోతే ఒకరి పేరు మీద ఇంకొకరు పని చేసే వీలుంటుంది. పాస్‌వర్డ్ చీటీ మానిటర్‌కు అంటించడం, డైరీలో రాసి టేబుల్ మీద పెట్టడం మానాలి.

పని మానేసిన మనిషి లాగిన్‌ను అదే రోజు సాయంత్రానికి ఆపాలి. డిలీట్ చేయొద్దు, డిసేబుల్ చేయాలి. అకౌంట్ ఉంటేనే పాత లాగ్‌లోని పేరు ఎవరిదో పోల్చుకోవడం తేలిక.

విండోస్ కంప్యూటర్‌లో ఆడిట్ ఎలా ఆన్ చేయాలి

విండోస్‌లో ఈ సౌకర్యం ముందే ఉంది. కానీ మనం ఆన్ చేయకపోతే అది ఫైళ్ల రాకపోకలు రాయదు. కింద చెప్పిన పాలసీ పేజీ ప్రొఫెషనల్ ఎడిషన్‌లో ఉంటుంది, హోమ్ ఎడిషన్‌లో ఉండదు. ఆఫీసు పనికి కంప్యూటర్ కొనేటప్పుడే ప్రొఫెషనల్ అడగడం మంచిది.

1. అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయి లోకల్ సెక్యూరిటీ పాలసీ తెరవండి. అందులో అడ్వాన్స్‌డ్ ఆడిట్ పాలసీ కాన్ఫిగరేషన్, దాని కింద ఆబ్జెక్ట్ యాక్సెస్‌లోకి వెళ్లండి.
2. ఆడిట్ ఫైల్ సిస్టమ్‌లో సక్సెస్, ఫెయిల్యూర్ రెండూ టిక్ చేయండి. ఆడిట్ రిమూవబుల్ స్టోరేజ్‌లోనూ అలాగే చేయండి. రెండోది పెన్‌డ్రైవ్‌ల కోసం.
3. ఇప్పుడు ముఖ్యమైన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్, ఆడిటింగ్ అనే వరుసలో వెళ్లండి. ఎవ్రీవన్ అనే పేరు చేర్చి, చదవడం, రాయడం, తొలగించడం మీద గుర్తు పెట్టండి. ఈ మూడో పని మరిచిపోతే రెండో పని చేసినా ఆ ఫోల్డర్ లెక్క రాదు. చాలామంది ఇక్కడే తప్పుతారు.
4. ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో సెక్యూరిటీ చూడండి. ఒక ఫైల్ తెరిచి, ఒక ఫైల్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, రెండూ నమోదయ్యాయా లేదా పరీక్షించండి.

ఈవెంట్ వ్యూయర్‌లో అంతా నంబర్లలో కనబడుతుంది. మనకు పనికొచ్చేవి కొన్నే. 4663 అంటే ఫైల్‌ను ఎవరో చదివారు లేదా రాశారు. 4660 అంటే తొలగించారు. 4624 అంటే లాగిన్ అయ్యారు, 4625 అంటే లాగిన్ ప్రయత్నం విఫలమైంది. 1102 అంటే సెక్యూరిటీ లాగ్‌నే ఎవరో చెరిపేశారు. 4719 అంటే ఆడిట్ సెట్టింగ్ మార్చారు. చివరి రెండూ కనబడితే ఓనర్ వెంటనే ఆగి అడగాల్సిందే.

ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. విండోస్‌కు "కాపీ" అని విడిగా గుర్తు లేదు. కాపీ చేయాలంటే ముందు చదవాలి కాబట్టి, ఎక్సెల్‌లో ఫైల్ తెరిచినా, కాపీ చేసినా 4663గానే పడుతుంది. తేడా తెలియాలంటే అదే ఎంట్రీలో ప్రాసెస్ నేమ్ చూడాలి. ఎక్సెల్ అని ఉంటే తెరిచి పని చేసుకున్నట్టు. ఎక్స్‌ప్లోరర్ అని ఉండి, ఒకటి రెండు నిమిషాల్లో వందల ఫైళ్లు వరుసగా ఉంటే కాపీ జరిగిందన్న అనుమానం బలపడుతుంది. అదే నిమిషంలో పెన్‌డ్రైవ్ మీద రాసినట్టు ఇంకో 4663 ఉంటే లింకు దొరికినట్టే. యాంటీవైరస్ కూడా ఫైళ్లను చదువుతుంది కాబట్టి దాని పేరు కనబడితే కంగారు పడొద్దు.

ఫైళ్లు ఒక పెద్ద కంప్యూటర్‌లో ఉండి, మిగతావాళ్లు నెట్‌వర్క్ షేర్ ద్వారా తీసుకుంటుంటే, ఆడిట్ ఆ పెద్ద కంప్యూటర్ మీద పెట్టాలి. డీటెయిల్డ్ ఫైల్ షేర్ ఆడిట్ ఆన్ చేస్తే 5145 నంబర్‌తో ఏ యూజర్, ఏ ఐపీ అడ్రస్ నుంచి ఏ ఫైల్ అడిగాడో రాస్తుంది.

లాగ్ సైజు కూడా చూసుకోవాలి. సెక్యూరిటీ లాగ్‌కు మొదట ఇచ్చే చోటు 20 ఎంబీ మాత్రమే. నిండగానే పాత రాతల మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. ఫైల్ ఆడిట్ ఆన్ చేస్తే ఇది కొద్ది రోజుల్లోనే నిండిపోవచ్చు. దాన్ని కనీసం 1 జీబీకి పెంచి, నెలకోసారి లాగ్‌ను వేరే చోట సేవ్ చేసి పెట్టుకోవాలి.

గూగుల్ డ్రైవ్, మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్లకు

చాలా షాపుల్లో ఫైళ్లు ఓనర్ సొంత జీమెయిల్ డ్రైవ్‌లోనే ఉంటాయి. ఉచిత జీమెయిల్‌లో ఎవరు డౌన్‌లోడ్ చేశారన్న రికార్డు ఓనర్‌కు దొరకదు. ఇది చాలామందికి తెలియదు. లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అని షేర్ చేస్తే ఇక చెప్పేదే లేదు.

వ్యాపారానికి ఇచ్చే గూగుల్ వర్క్‌స్పేస్‌లో అడ్మిన్ కన్సోల్‌లోని రిపోర్టింగ్ విభాగంలో డ్రైవ్ లాగ్ ఈవెంట్స్ ఉంటాయి. ఎవరు చూశారు, ఎవరు డౌన్‌లోడ్ చేశారు, ఎవరు బయటివాళ్లకు షేర్ చేశారు అన్నది పేరు, టైం, ఐపీ అడ్రస్‌తో సహా వస్తుంది. ఆరు నెలల వరకు వెనక్కి చూడొచ్చు. అయితే అన్ని ప్లాన్లలో ఈ లాగ్ ఉండదు. కొనేముందే డీలర్‌ను ఈ ఒక్క ప్రశ్న అడగండి.

మైక్రోసాఫ్ట్ 365లో పర్వ్యూ అనే పోర్టల్‌లో ఆడిట్ సెర్చ్ ఉంటుంది. షేర్‌పాయింట్, వన్‌డ్రైవ్ నుంచి దించిన ప్రతి ఫైల్ అక్కడ నమోదవుతుంది. మామూలు ఆడిట్‌లో 180 రోజుల రికార్డు ఉంటుంది. డౌన్‌లోడ్ ఒక్కటే చూస్తే సరిపోదు. ఫోల్డర్ మొత్తాన్ని సింక్ చేసి ల్యాప్‌టాప్‌లోకి దించుకుంటే అది సింక్ పేరుతో వేరేగా పడుతుంది. రెండూ వెతకాలి.

డ్రైవ్‌లో ఇంకో చిన్న సెట్టింగ్ పనికొస్తుంది. ఫైల్‌ను చూసే అనుమతి మాత్రమే ఇచ్చినవాళ్లకు డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ బటన్లు కనబడకుండా ఆపొచ్చు. అది పూర్తి రక్షణ కాదు గానీ, తొందరపాటు డౌన్‌లోడ్లను తగ్గిస్తుంది.

టాలీ ఎడిట్ లాగ్ ఉంటే చాలా?

మన దగ్గర లెక్కలంటే టాలీనే. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల చట్టం కింద నమోదైన ప్రతి కంపెనీ, ఆడిట్ ట్రెయిల్ ఉన్న అకౌంటింగ్ సాఫ్ట్‌వేరే వాడాలి. దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. అందుకే టాలీ ప్రైమ్‌లో ఎడిట్ లాగ్ వచ్చింది. ఈ రూల్ ప్రైవేట్ లిమిటెడ్ లాంటి కంపెనీలకు. సొంత పేరుతో నడిచే షాపుకు, పార్ట్‌నర్‌షిప్‌కు తప్పనిసరి కాదు, పెట్టుకుంటే మంచిదే.

కానీ ఒక పొరపాటు పడొద్దు. ఎడిట్ లాగ్ చెప్పేది వోచర్‌ను ఎవరు రాశారు, ఎవరు మార్చారు, ఎవరు తీసేశారు అన్నది. పార్టీల లిస్టును ఎక్సెల్‌లోకి దించుకుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోతే అది ఎడిట్ లాగ్ పని కాదు. దానికి పైన చెప్పిన విండోస్ ఆడిట్ కావాలి. టాలీ డేటా ఫోల్డర్ మీద, ఎక్స్‌పోర్ట్ ఫైళ్లు పడే ఫోల్డర్ మీద రెండింటి మీదా ఆడిట్ పెట్టండి. టాలీలోనూ ప్రతి మనిషికి వేరే యూజర్, వేరే పాస్‌వర్డ్ ఇవ్వండి.

లాగ్‌కు కనబడనివి

స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీస్తే ఏ లాగ్‌లోనూ పడదు. ప్రింట్ తీసి సంచిలో పెట్టుకుంటే ఫైల్ చదివినట్టు మాత్రమే ఉంటుంది. కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఫైల్ పంపితే, బ్రౌజర్ ఆ ఫైల్‌ను చదివినట్టు రాస్తుంది, ఎవరికి పంపారో రాయదు. అందుకని కస్టమర్ల ఫైళ్లున్న కంప్యూటర్‌లో సొంత వాట్సాప్, సొంత మెయిల్ తెరవొద్దని నియమం పెట్టాలి. పెన్‌డ్రైవ్‌లు అవసరం లేని చోట యూఎస్‌బీ స్టోరేజ్‌ను మొత్తానికే ఆపించొచ్చు. కీబోర్డు, మౌస్ పని చేస్తూనే ఉంటాయి.

ఆడిట్ అంతా చూసే దివ్యదృష్టి కాదు. అయినా ఎక్కువ మొత్తంలో ఫైళ్లు పోవడం మాత్రం దాదాపు ఎప్పుడూ జాడ వదులుతుంది. ఐదు వందల పాస్‌పోర్టులను ఫోన్‌తో ఫొటోలు తీయడం ఎవరికీ సులువు కాదు.

వారానికి పావుగంట

లాగ్ ఆన్ చేసి చూడకపోతే సీసీ కెమెరా పెట్టి రికార్డింగ్ ఎప్పుడూ చూడనట్టే. వారానికి ఒక రోజు ఖాయం చేసుకోండి. ఓనర్ లేదా ఓనర్ నమ్మే ఒక మనిషి పావుగంట కూర్చుంటే చాలు. ఈ ఆరు ప్రశ్నలు అడగాలి.

1. దుకాణం మూసి ఉన్న టైంలో ఎవరైనా ఫైళ్లు తీశారా? సిరిసిల్లలో మగ్గాలు రాత్రి కూడా నడుస్తాయి గానీ, అకౌంట్స్ కంప్యూటర్ నడవాల్సిన పని లేదు.
2. రోజూ ఇరవై ముప్పై ఫైళ్లు తెరిచే మనిషి ఒక్కరోజే మూడు నాలుగు వందలు తెరిచారా?
3. తన పనికి సంబంధం లేని ఫోల్డర్‌లోకి ఎవరైనా వెళ్లారా?
4. పని మానేస్తానన్నవాళ్ల చివరి పదిహేను రోజుల్లో తేడా ఉందా?
5. పెన్‌డ్రైవ్‌లోకి ఏమైనా రాశారా? దానికి పని కారణం ఉందా?
6. లాగ్ చెరిపినట్టు, ఆడిట్ సెట్టింగ్ మార్చినట్టు, పదే పదే పాస్‌వర్డ్ తప్పు కొట్టినట్టు ఉందా?

చూసిన తేదీ, కనబడింది, అడిగితే వచ్చిన జవాబు ఒక నోట్‌బుక్‌లో రెండు లైన్లు రాయండి. తేడా కనబడిన ప్రతిసారీ దొంగతనం అనుకోవద్దు. జీఎస్టీ రిటర్న్ గడువు ముందు, హజ్, ఉమ్రా సీజన్‌లో, పెద్ద ఆర్డర్ డెలివరీ ముందు ఫైళ్ల వాడకం సహజంగానే పెరుగుతుంది. అందుకే మామూలు రోజుల లెక్క ముందు తెలిసి ఉండాలి. మొదటి నెల రోజులు ఊరికే చూస్తూ పోతే మీ దుకాణం మామూలు లెక్క మీకే అర్థమవుతుంది.

లాగ్ ఎవరి చేతిలో ఉండాలి?

ఇక్కడే చాలా ఆఫీసులు తప్పు చేస్తాయి. కంప్యూటర్లు చూసుకునే కుర్రాడికే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చి, లాగ్ చూసే పని కూడా అతనికే ఇస్తారు. గోదాము తాళమూ, స్టాక్ రిజిస్టరూ ఒక్కరి చేతిలోనే పెట్టినట్టు అవుతుంది. అతను నిజాయితీపరుడే కావచ్చు. కానీ రేపు ఏదైనా తేడా వస్తే అతన్ని కాపాడే సాక్ష్యం కూడా ఉండదు. లాగ్ కాపీ అతని చేయి పడని చోట, ఓనర్ ఇంట్లోని హార్డ్ డిస్క్‌లోనో, ఓనర్ ఒక్కరికే తెలిసిన క్లౌడ్ అకౌంట్‌లోనో ఉండాలి. బయటి నుంచి వచ్చే రిపేర్ మెకానిక్‌కు, సాఫ్ట్‌వేర్ డీలర్‌కు రిమోట్ యాక్సెస్ ఇచ్చినప్పుడు ఎదురుగా కూర్చోండి, పని కాగానే ఆపించండి.

అనుమానం వస్తే ఏం చేయాలి? చట్టం ఏమంటోంది?

ముందు అరవడం, ఆ మనిషి ఫోన్ గుంజుకోవడం, కంప్యూటర్ ఫార్మాట్ చేయడం, మూడూ వద్దు. కంప్యూటర్‌ను అలాగే ఉంచి లాగ్‌ను సేవ్ చేయండి. ఆ లాగిన్‌ను డిసేబుల్ చేయండి. ఎప్పుడు, ఎవరు, ఏం గమనించారో కాగితం మీద రాసి సంతకం పెట్టండి. కంప్యూటర్ గడియారం సరిగ్గా ఉందో లేదో కూడా రాయండి. గడియారం పది నిమిషాలు తప్పుంటే సీసీ కెమెరాతో లాగ్ కలవదు. అందుకే ఇంటర్నెట్ టైంతో ఎప్పుడూ సింక్ చేసి ఉంచాలి.

ఐటీ చట్టం, 2000లోని సెక్షన్ 43 ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్ నుంచి సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసినా, కాపీ చేసినా నష్టపరిహారం కట్టాలి. అదే పని మోసపూరితంగా చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పని ఒప్పందం వల్ల చేతికొచ్చిన ఇతరుల వ్యక్తిగత వివరాలను నష్టం చేయాలనో, లాభపడాలనో బయటపెడితే సెక్షన్ 72ఏ వర్తిస్తుంది. 5 కోట్ల వరకు పరిహారం కేసులను రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌గా వింటారు.

లాగ్ కోర్టులో నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇది. ఆ సర్టిఫికెట్‌లో ఫైల్ హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటిది. ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. అందుకే లాగ్‌ను సేవ్ చేసిన రోజే హ్యాష్ తీయించి పెట్టుకోవాలి.

ఓనర్ మీద కూడా బాధ్యత ఉంది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగులను 180 రోజులు దాచాలి, డేటా చోరీ లాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో తెలపాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. ఎవరు డేటా చూశారో తెలిపే లాగులు పెట్టాలని, వాటిని ఏడాది పాటు దాచాలని ఆ నియమాలు చెబుతున్నాయి. డేటా పోతే సంబంధిత మనిషికి, డేటా రక్షణ బోర్డుకు ఆలస్యం లేకుండా చెప్పాలి, 72 గంటల్లో పూర్తి వివరాలు బోర్డుకు ఇవ్వాలి. సరైన రక్షణ పెట్టకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా ఉంది. చిన్న దుకాణానికి అంత వేస్తారని కాదు, కానీ "మాకు తెలియదు" అంటే కుదరదు.

పోలీసు ఫిర్యాదు దగ్గరి స్టేషన్‌లో గానీ జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ చేయొచ్చు. పోయిన వివరాలతో ఎవరి డబ్బైనా పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

పనివాళ్లకు ముందే చెప్పండి

దొంగచాటుగా నిఘా పెట్టడం కంటే చెప్పి పెట్టడం మేలు. "తమ్మీ, ఈ ఫోల్డర్‌లో ఎవరు ఏం తీసినా కంప్యూటర్ రాసుకుంటది, నేను తీసినా రాసుకుంటది" అని అందరి ముందూ చెప్పండి. తెలుగులోనో ఉర్దూలోనో, వాళ్లకు వచ్చిన భాషలో ఒక పేజీ కాగితం మీద నియమాలు రాసి సంతకాలు తీసుకోండి. ఆడిట్ దుకాణం ఫైళ్ల మీదే ఉండాలి, పనివాళ్ల సొంత ఫోన్ల మీద, సొంత మెసేజ్‌ల మీద కాదు.

నిజాయితీగా పని చేసేవాళ్లకు ఈ రికార్డు రక్షణ. లాగ్ లేని చోట ఫైల్ పోతే అనుమానం అందరి మీదా పడుతుంది, సాధారణంగా అందరికంటే చిన్న జీతగాడి మీద ముందు పడుతుంది. లాగ్ ఉంటే "ఆ రోజు నేను తీయలేదు" అని అతను ధైర్యంగా చూపించుకోగలడు.

గల్ఫ్‌కు పోయే కూలీ తన పాస్‌పోర్టును, పేషెంటు తన రిపోర్టును, మగ్గం కార్మికుడు తన ఆధార్‌ను మన చేతిలో పెట్టేది నమ్మకంతోనే. ఉర్దూలో దాన్ని అమానత్ అంటాం. అమానత్ దాచినవాడు అడిగినప్పుడు లెక్క చెప్పగలగాలి. ఈ వారమే మొదలుపెట్టాలంటే మూడు పనులు చేయండి. ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ ఇవ్వండి, అతి ముఖ్యమైన ఒక ఫోల్డర్ మీద ఆడిట్ ఆన్ చేయండి, వచ్చే వారం ఏ రోజు లాగ్ చూస్తారో క్యాలెండర్ మీద రాసి పెట్టండి.